కొంగలకు ఇరవై రెండు గూళ్ళు

“గూళ్ళు చూడకుండానే కొంగల్ని పిలిచేశావా హార్లన్?” అంటూ గెర్డా గల్లాపెట్టె వెనక నుంచి పకపకా నవ్వింది.

బేకరీలో బ్రెడ్డు కొనుక్కుంటున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. హార్లన్ వోయిట్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అరవై దాటిన ఆరడుగుల మనిషి, ఓట్లడగడానికి వచ్చినవాడిలా ఒదిగి నిలబడ్డాడు.

“నవ్వితే నవ్వావు గాని, ఇద్దరికి చోటిస్తానన్నావు. మాట మీద ఉన్నావా?”

“ఉన్నాను. నువ్వడిగితే ఈ ఊళ్ళో కాదనేదెవరు?” అని గెర్డా అతని వంక ఎందుకో జాలిగా చూసింది.

ఆ చూపు, పక్కనే జాబితా పట్టుకుని నిలబడ్డ మార్నీకి నచ్చలేదు. తమ జట్టు యజమాని ఇలా గడపగడపకూ తిరిగి అడుక్కోవడం ఆమెకు తలవంపులుగా ఉంది. గెర్డా పేరు కింద రెండు గీతలు గీసి బయటికి నడిచింది.

మార్నీ పక్క రాష్ట్రం నుంచి వచ్చి మూడు వారాలే అయింది. కొత్త జట్టుకు గుమస్తా ఆమే, ప్రచారమూ ఆమే, ఫోనెత్తేదీ ఆమే. ఊళ్ళో కాగితం మిల్లు మూతపడ్డాక పాత జట్టు కూడా వెళ్ళిపోయింది. పదేళ్ళుగా పిచ్చిమొక్కలు మొలిచిన మైదానంలో, ఏ పెద్ద జట్టు అండా లేకుండా, స్వతంత్రంగా బేస్‌బాల్ జట్టు పెడతానని హార్లన్ అన్నప్పుడు నవ్వనివాళ్ళు లేరట. ఆయన మొక్కలు పీకించి, రెండు వేల కుర్చీలకూ తన చేత్తోనే ఆకుపచ్చ రంగు వేశాడు. జట్టుకు హెరన్స్ అని పేరు పెట్టాడు, అంటే కొంగలు. ఆ మొండితనానికి ముచ్చటపడే మార్నీ ఈ ఉద్యోగంలో చేరింది.

ఇలాంటి చిన్న లీగుల్లో ఆటగాడి జీతం ఇంటద్దెకు చాలదు. అందుకని ఊరివాళ్ళే తలా ఒకణ్ణి సీజనంతా ఇంట్లో పెట్టుకుంటారు. ఇరవై రెండు మందికి పక్కలు దొరికాయని, చిరునామాలతో సహా, సాయంత్రం ఐదింటిలోగా లీగుకు పంపాలి. ఒక్కటి తగ్గినా ఈ ఏడాదికి జట్టు లేనట్టే.

“ఇరవై ఒకటి. ఇంకొక్కటి కావాలి సార్. నాలుగవుతోంది,” అంది మార్నీ కారెక్కి.

హార్లన్ తాళంచెవి తిప్పి కారు కదిలించాడు.

“ఏమీ అనుకోకపోతే ఒకటడుగుతాను. మీ ఇంట్లో పెట్టుకోవచ్చు కదా, ఒక్కణ్ణి?”

“కుదరదమ్మాయ్.”

“ఎందుకు కుదరదు?”

“ఖాళీ లేదు.”

మార్నీకి ఒళ్ళు మండింది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఒంటి మనిషికి ఇంట్లో ఖాళీ లేదట! ఊరందరి గదులూ అడగడానికి మాత్రం నోరొస్తుంది.

మంచివాడే, కాదనలేం. కాస్త పరధ్యానం, అంతే. లీగు దరఖాస్తులో ‘యజమాని నివాసం’ అన్నచోట మైదానం చిరునామా రాశాడు. తప్పని చెబితే, “పొద్దస్తమానం అక్కడే పడుంటాను కదా, చేతికి అదే వచ్చింది. ఉండనీ,” అన్నాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన టూత్ బ్రష్ పెట్టుకుని తిరుగుతాడు. ఉల్లిపాయలు దట్టించిన సాసేజీల మీద ఉన్న మోజు చూసి, అందుకే కాబోలు అనుకుని ఊరుకుందామె.

హార్లన్ కారు రెండు వీధులు తిప్పి, ఒక మలుపు దగ్గర ఆపాడు.

“అదిగో, నీలం తలుపు ఇల్లు. కొత్తగా దిగినవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు. మేడ మీద పడమటి గది ఒకటుంది. పొద్దున్నే ఎండ పడదు. రాత్రి ఆట ఆడొచ్చిన కుర్రాడు పదింటి దాకా హాయిగా నిద్రపోవచ్చు. వెళ్ళి అడుగు.”

“మీరు రారా?”

“నువ్వెళ్ళు. తలుపు పట్టేస్తే, పైకెత్తి లాగమని చెప్పు.”

“ఇవన్నీ మీకెలా తెలుసు?”

“ఒకప్పుడు ఆ ఇంట్లో భోంచేసేవాణ్ణిలే,” అని టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

ఎవరితోనో పాత తగాదా ఉన్నట్టుందనుకుని మార్నీ వెళ్ళి గంట నొక్కింది. లోపల్నుంచి ఎవరో తలుపుతో కుస్తీ పడుతున్నారు.

“పైకెత్తి లాగండి!”

తలుపు చటుక్కున తెరుచుకుంది. చంటిపిల్లను చంకనేసుకున్న ఒకావిడ ఆశ్చర్యంగా చూసింది. పేరు క్లారిస్ అని చెప్పింది. మార్నీ వచ్చిన పని చెప్పింది.

“ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకోమంటారా?” అంది క్లారిస్. “చిన్నపిల్లలున్న ఇల్లండీ.”

“నిజమే. కానీ ఈ ఒక్క పక్క దొరక్కపోతే జట్టే లేదండీ. రెండు వేల కుర్చీలకు రంగు వేసుకున్న మనిషి రేపటి నుంచి వాటి మధ్య ఒక్కడూ కూర్చోవాలి.”  ఆయన మీద కోపం ఎటు పోయిందో మార్నీకే తెలియలేదు.

లోపల ధన్‌మని చప్పుడైంది. 

“మావాడే. రోజంతా గోడకేసి బంతి కొట్టడమే పని,” అంది క్లారిస్. చంటిపిల్లను రెండో చంకకు మార్చుకుంది. “వచ్చే కుర్రాడు వీడికి ఆట నేర్పుతాడా?”

“నేర్పకపోతే తిండి పెట్టకండి.”

క్లారిస్ నవ్వి సంతకం చేసింది. ఇరవై రెండు! మార్నీ అక్కణ్ణుంచే కారు వైపు కాగితం ఊపింది. కారులోని మనిషి టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

“ఇంతకీ తలుపు కిటుకు, పై గది సంగతి మీకెవరు చెప్పారు?” అంది క్లారిస్.

“మా ఓనరు హార్లన్ వోయిట్ గారు. అదిగో, ఆ కారులో ఉన్నారు. ఊళ్ళో అందరిళ్ళూ అడిగారు గాని, తన ఇంట్లో మాత్రం ఒక్కడికీ చోటివ్వలేదు,” అని నవ్వింది మార్నీ.

క్లారిస్ నవ్వలేదు. కారు వంక చూసింది.

“ఈ ఇల్లు మాకు అమ్మింది ఆయనేనండీ.”