జాగ్రత్తగారు ఎక్కిన రోలర్ కోస్టర్

“కడుపులో ఏదోలా ఉందమ్మా,” అన్నారు జాగ్రత్తగారు, రోలర్ కోస్టర్ ముందు వరుసలో నిలబడి.

పొద్దున్నుంచి ఇది నాలుగో జబ్బు. ఇంట్లో మోకాలు పట్టేసింది. బస్సులో కళ్లు తిరిగాయి. పార్కు గేటు దగ్గర చెవిపోటు వచ్చింది. ఒక్క మనిషికి ఒక్క పూటలో ఇన్ని రావడం మాటలా?

“అయితే నువ్వు ఎక్కకు నాన్నా. ఆ బల్ల మీద కూర్చో,” అంది కూతురు.

“నా సంగతి కాదే. నువ్వూ ఎక్కొద్దు.”

“నొప్పి నీ కడుపులో కదా?”

జాగ్రత్తగారికి అసలు పేరు వేరే ఉంది. గ్యాస్ కట్టేశామా లేదా అని మూడుసార్లు లేచి చూస్తారు. పక్కింటివాళ్లు నిచ్చెన ఎక్కినా సరే, దిగేదాకా కింద పట్టుకుని నిలబడతారు. వీధి వీధంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. ఈ జాగ్రత్త ఆయన్ని ఎప్పుడు పట్టుకుందో భార్యకు కూడా తెలియదు. ఆవిడ కాపురానికి వచ్చేసరికే బాగా ముదిరిపోయి ఉంది.

కూతురికి పెళ్లయి నెల. కొత్త అల్లుడికి సెలవు దొరికిందని రెండు కుటుంబాలూ కలిసి బయల్దేరాయి. ఏ పార్కుకో తెలిసిన క్షణం నుంచి జాగ్రత్తగారిది ఒకటే గొడవ. కూతురు ఆ రోలర్ కోస్టర్ ఎక్కకూడదు. ఎందుకంటే చెప్పరు. ఎక్కకూడదంతే.

వియ్యంకుడుగారు సిమెంటు వ్యాపారి. నాలుగు బస్తాలు అమ్మినందుకు లోకంలో కట్టినవన్నీ తనకు తెలుసని ఆయన నమ్మకం.

“ముప్ఫై ఏళ్ల నాటి ఉక్కు బావగారూ! చూడండి, బండిని తలకిందులు చేసే ఆ చుట్టు! ఆ రోజుల్లో పనివాళ్లు ప్రాణం పెట్టి చేసేవాళ్లు. ఇప్పుడేవీ ఆ చేతులు?”

“పనివాళ్లూ మనుషులే కదండీ,” అన్నారు జాగ్రత్తగారు నీరసంగా. “శనివారం సాయంత్రం. పైన గాలి. కింద ఊరికి పోయే లారీ హారన్ కొడుతూ ఉంటుంది. అప్పుడు ఎవడికైనా ధ్యాస పని మీద ఉంటుందా చెప్పండి?”

“భయమైతే భయమని చెప్పండి బావగారూ, మనలో మనకేం. పాపం ఎవరో ఎముకలు అరగదీసుకుని కట్టినదాన్ని ఆడిపోసుకోవడం ఎందుకు?”

వరుసలో వెనకున్నవాళ్లు కూడా నవ్వారు. సొంత మనుషులు నవ్వితే చాలదు మరి.

“ఏమండీ, మన ఇంట్లో అయితే సరే. వియ్యాలవారి ముందు కూడానా?” అని భార్య పళ్లు నూరింది.

పరువు సంగతి అలా పూర్తయ్యాక, జాగ్రత్తగారు టికెట్లు చింపే అమ్మాయి దగ్గరికి వెళ్లారు.

“దీన్ని రోజూ చూస్తారా తల్లీ?”

“రోజూ చూస్తారండీ. ఇంజినీరుగారు.”

“పైదాకా ఎక్కి చూస్తారా? కింద నుంచి తలెత్తి చూస్తారా?”

ఆరేళ్లుగా ఆ గేటు దగ్గర ఉన్న అమ్మాయికి ఈ ప్రశ్న కొత్త. “మీరు ఎక్కడానికొచ్చారా సార్, తనిఖీకొచ్చారా?” అంది.

కూతురు అప్పటికే బండి పెట్టెలో కూర్చుంది. అల్లుడు పక్కన కూర్చోబోతూ ఉంటే, మోకాలు పట్టేసిన మనిషి ఒక్క దూకు దూకి మధ్యలో దూరారు.

“అల్లుడుగారూ, మీరు వెనక మీ నాన్నగారితో కూర్చోండి. ఆయనకు తోడుంటుంది.”

నెల వయసున్న అల్లుడు ఎదురు చెప్పగలడా? వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు. జాగ్రత్తగారు భుజాల మీదికి దిగే కడ్డీని రెండుసార్లు లాగి చూశారు. తనది కాదు, కూతురిది. అది చాలదన్నట్టు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

“నాన్నా, నేనేమైనా చంటిపిల్లనా?”

“మాట్లాడకు. నాలుక కరుచుకుంటావు.”

గొలుసు టకటకా లాగుతుంటే బండి పైకి పాకింది. వెనక నుంచి వియ్యంకుడుగారి ఉపన్యాసం సాగుతూనే ఉంది. “ఆ ఒంపు చూశారా బావగా...” అన్నారు. మిగతాది గాలికి పోయింది.

బండి కిందికి దూకింది. చుట్టులోకి దూసుకెళ్లింది. ఆకాశం పాదాల కిందికి వచ్చింది. అందరూ కళ్లు మూసుకున్నారు. ధైర్యవంతులైన వియ్యంకుడుగారు తల్లిని పిలిచారు, తండ్రిని పిలిచారు, పదేళ్లుగా మాటల్లేని మేనత్తను కూడా పిలిచారు.

పిరికివాడు మాత్రం కళ్లు మూయలేదు. తలకిందులుగా వేలాడుతూ పట్టాల వైపే చూశారు. “ఈ ఒక్కసారికి... ఈ ఒక్కసారికి,” అని పెదవులు కదిలాయి.

బండి మామూలుగానే వచ్చి ఆగింది.

“ఇంతేనా!” అని కూతురు నవ్వుతూ దిగింది. జాగ్రత్తగారు పట్టుకున్న చేతి మీద నాలుగు వేళ్ల ముద్రలు పడి ఉన్నాయి.

వియ్యంకుడుగారిని కొడుకు పొదివి పట్టుకుని తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆయనకు అన్నిటికంటే ముందు నోరు కోలుకుంది.

“నేను అరిచింది మీకు ధైర్యం చెప్పడానికే బావగారూ. చూశారా, చెక్కు చెదిరిందా? అంత ఎత్తున, చుట్టు నడినెత్తిన, ఇనుముకు ఇనుము అతికించాడంటే మాటలా! వాడెవడో గానీ, ఆ చేతులు కళ్లకద్దుకోవాలి.”

అని పైకి చూసి నిజంగానే దండం పెట్టారు.

చుట్టు నడినెత్తిన ఆ అతుకు వేసిన రెండు చేతులనూ జాగ్రత్తగారు మెల్లగా ప్యాంటు జేబుల్లో దాచుకున్నారు.