తల కొలత

"ఇది ఎవరిదో చూసి చెప్పండి మేస్త్రీ," అంటూ ఇన్‌స్పెక్టరు నీళ్లోడుతున్న నల్ల బౌలర్ టోపీని టోపీల మేస్త్రి బల్ల మీద పెట్టాడు. "పొద్దున రేవు పడవ బోల్తా కొట్టింది. ఎక్కినవాళ్లంతా బతికి అవతలి ఒడ్డు ఆసుపత్రిలో ఉన్నారు. పేర్లింకా అందలేదు. ఒక్క మనిషి మాత్రం కొట్టుకుపోయాడు. దొరికింది ఈ టోపీయే."

అతని వెనక కోర్టు గుమాస్తా భార్య ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడి ఉంది. రోజూ ఆ పడవలోనే ఆమె భర్త కోర్టుకు వెళ్తాడు, నెత్తిన అచ్చం ఇలాంటి టోపీతో.

"చూస్తే తెలియట్లేదు బాబాయ్. అందరివీ ఇలాగే ఉంటాయి కదా!" అందామె మేస్త్రితో.

నిజమే మరి. ఒకప్పుడు గుర్రాల మీద తోటలు కాసేవాళ్ల తలలకు కొమ్మలు తగలకుండా పుట్టిన గట్టి టోపీ అది. పోనుపోను గుమాస్తాలూ ప్లీడర్లూ నెత్తికెక్కించుకుని, అదుంటేనే పెద్దమనిషి అనేదాకా తెచ్చారు. చూపులకు అన్నీ ఒకటే. కానీ గట్టి టోపీ సాగదు. అందుకే మేస్త్రి తన దగ్గర టోపీ చేయించుకునే ప్రతి మనిషి తల ఆకారాన్నీ కాగితం మీద గీసి, కత్తిరించి దాచేవాడు.

మేస్త్రి టోపీని వెల్లకిలా తిప్పి, లోపలి తోలుపట్టీ మీద వేలు పోనిచ్చాడు. అంతే, ఉన్నపళంగా స్టూలు మీద కూలబడ్డాడు.

గుమాస్తా భార్య బల్ల దగ్గరికి వచ్చేసింది. "ఆయనదేనా? చెప్పండి బాబాయ్, మిమ్మల్నే!"

"ఉండమ్మా. చూడనీ."

సొరుగు వెతికి ఆమె భర్త కాగితం తీశాడు. అది రెండుసార్లు చేజారి కింద పడింది. పరాయి మనిషి తన కోసం ఇంత ఇదవుతున్నాడే అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. కాగితాన్ని టోపీలో పరిచాడు. అంచులు మడతపడ్డాయి. తిప్పి పెట్టాడు. ఊహూ. ఎలాగైనా పట్టించాలన్నట్టు వేళ్లతో గట్టిగా నొక్కాడు.

"అయ్యో, నొక్కకండి బాబాయ్!" అని అరిచిందామె.

మేస్త్రి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "మీ ఆయనది కాదమ్మా. ఆసుపత్రికి వెళ్లు. అక్కడుంటాడు."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఏడుస్తూ, నవ్వుతూ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. "మీ కడుపు చల్లగా ఉండాలి! మీ పిల్లలు నిండు నూరేళ్లూ బతకాలి బాబాయ్!"

ఇన్‌స్పెక్టరు పుస్తకం తెరిచాడు. "మరి ఎవరిది? ఇంకో కాగితం తియ్యండి."

"దీనికి కాగితం అక్కర్లేదు బాబూ," అన్నాడు మేస్త్రి. "మా అబ్బాయిది."