వెన్నెల ఎలాగుంటాది?

కంచరపాలెం బడి వరండాలో ఒక ముసలాయన కూర్చుని పాత కుర్చీలకి వైరు అల్లుతున్నాడు.

ఆయనకి చూపు లేదు. పనంతా వేళ్ళే చూసుకుంటున్నాయి.

లోపల మూడో తరగతికి ఆశాజ్యోతి టీచరు పాఠం చెబుతోంది.

"పాలలాంటి వెన్నెల. అందరూ అనండి."

అన్నారు.

"శుక్రవారం ఆఫీసరు గారొస్తారు. కిందటిసారి ఒక పోలిక చెప్పమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. నాకు మెమో ఇచ్చారు. ఈసారి గైడులోవి పది బట్టీ పట్టండి."

కిటికీ అవతల్నించి ముసలాయన అడిగాడు.

"పాలు తాగేను గానీ పాపా, వెన్నెల ఎలాగుంటాది?"

"తెల్లగుంటాది తాతా," అంది కిటికీ పక్కన కూర్చున్న కీర్తన.

"తెలుపంటే?"

కీర్తన తన తెల్ల చొక్కా వంక చూసుకుంది.

టీచరు బయటికొచ్చింది.

"మీరు సైకిల్ షెడ్డులో అల్లుకోండి. పిల్లలు చదువుకోవాలి."

"అలాగేనమ్మా." వైరు కట్ట తడుముకుని లేచాడు.

"పుట్టుకతో చూపు లేనివాళ్ళకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి," అంది టీచరు పిల్లలతో, గొంతు తగ్గించి.

ఇంటర్వెల్లో పిల్లలు షెడ్డుకెళ్ళిపోయారు.

"ఎండలాగే ఉంటాది తాతా. కానీ కాల్దు."

"అయితే సలికాలం ఎండా?"

"కాదు," అంది కీర్తన.

కోటి అన్నాడు. "రైలెళ్ళిపోయాక మా ఇంటికాడ సప్పుడంతా ఆగిపోద్ది సూడు. అలాగ."

ఆయన చేతులు ఆగాయి.

"ఇది బాగుందిరా. మరి సముద్రం?"

మూడు రోజులు అదే వరస. ఆయన అడగడం, వీళ్ళు వెతుక్కోవడం. గురువారానికి కుర్చీలు అయిపోయాయి.

శుక్రవారం ఆఫీసరు పుస్తకం మూసేశాడు.

"చీకటి దేనిలా ఉంటుంది? పుస్తకంలోది వద్దు."

గైడులో చీకటి లేదు.

కీర్తన లేచింది. "అమ్మ చీరలో దూరిపోయినట్టుంటాది సార్."

"సముద్రం?"

"నైట్ డ్యూటీ సేసొచ్చి పగలు నిద్రట్టని మా నాన్నలాగ సార్," అన్నాడు కోటి. "దొర్లుతానే ఉంటాది."

ఆఫీసరు నవ్వేశాడు. వెనక ఇంకా ఏడు చేతులు లేచాయి.

"ఇవన్నీ ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు సార్. కుర్చీల తాతకి మేమే నేర్పేం."

శనివారం ఆశాజ్యోతి ద్వారకా నగర్ వెళ్ళింది, ఆయన్ని పంపిన కుర్చీల వర్క్‌షాపుకి.

"అర్జునరావు గారా? నిన్ననే పని మానేసి వెళ్ళిపోయారమ్మా. ఏ ఊరో చెప్పలేదు," అన్నాడు అక్కడి గుమస్తా.

"పాపం, పుట్టుకతోనే చూపు లేదా?"

గుమస్తా విడ్డూరంగా చూశాడు.

"ఎన్ని పనులొచ్చినా బడి కుర్చీలే ఒప్పుకునేవారు. ఆయన కళ్ళు పోయి రెండేళ్ళేనమ్మా, అంతకుముందు ముప్పయ్యేళ్ళు మూడో తరగతికి తెలుగు చెప్పారు."