అట్ట కిరీటం

కుట్టు గదిలో బల్ల మీద నాలుగు అట్ట టోపీలు పెట్టాడు ట్రైనర్.

"లీడరంటే ఎవరో తెలియాలంటే పాత కథలు చూడాలి. రాజు, యోధుడు, ముని, విదూషకుడు. నలుగురూ ఇప్పటికీ మనలోనే ఉన్నారు. మీలో ఎవరున్నారో చూసుకుని తీసుకోండి."

మాట పూర్తికాకముందే కటింగ్ అక్క కిరీటం లాక్కుని తలకి పెట్టుకుంది. తన నీలం సుద్దనే ఎవర్నీ ముట్టుకోనివ్వని మనిషి, కిరీటం ముట్టుకోనిస్తుందా! పైగా శనివారం ఇన్‌చార్జిని ప్రకటిస్తారు. ఆ కుర్చీ కోసం ఎన్నేళ్ళుగానో కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

నిన్నగాక మొన్న చేరిన కొత్తాయన విదూషకుడి టోపీ పెట్టుకున్నాడు. గది గదంతా విరగబడి నవ్వింది.

ఆమెకి ఒళ్ళు మండింది. తను పలకరిస్తే తల వంచుకునేవాళ్ళు, వాడు నోరు విప్పితే చాలు, పళ్ళికిలిస్తారు!

"రాజు పనేంటి?" అడిగాడు ట్రైనర్.

"నలుగురి చేతా పని చేయించడం," అంది టక్కున.

"ఇంట్లో ఏది పగిలినా నా చేతే పగిలిందనడం," అన్నాడు కొత్తాయన. మళ్ళీ నవ్వులు.

ట్రైనర్ మాత్రం నవ్వలేదు. ఆ మాటే బోర్డు మీద రాశాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది ఆమెకి.

శనివారం పొద్దున్నే కొంప మునిగింది. యూనిఫాం చొక్కాలకి కత్తిరించిన చేతులన్నీ ఎడమవే! కుడిది ఒక్కటీ లేదు. సుద్దగీత గీసి కత్తిరించినవాళ్ళు గుడ్డ పొరల్ని ఎదురెదురుగా వేయకుండా అన్నీ ఒకే వైపుకి పరిచేశారు.

"ఎవరిదీ ఘనకార్యం?" యజమాని ఊగిపోయాడు.

కటింగ్ బల్ల దగ్గర పనిచేసేది ఇద్దరే, తనూ కొత్తాయనా. ఇలాంటి పని తను చచ్చినా చెయ్యదు.

"ఇంకెవరు సార్, ఈయనే. పని తక్కువ, నోరెక్కువ," అంది.

కొత్తాయన కట్టలో అన్నిటికన్నా పైనున్న చెయ్యి తీసి చూశాడు. ఆమె వంక చూశాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాదేనండి పొరపాటు. రెండూ ఎడమ చేతులున్నవాళ్ళు దొరికితే నేనే అమ్మిపెడతా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పటికప్పుడే పనిలోంచి తీసేశారు.

వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగాడు.

"నాకు ఎక్కడైనా ఒక కత్తెర దొరుకుతుందక్కా. మీకు ఈ గదే కదా లోకం."

ఎగతాళికైనా హద్దుండక్కర్లేదూ! ఆమె పళ్ళు నూరింది.

సాయంత్రం ఇన్‌చార్జి ఆమే అన్నారు. పీడ విరగడైందని హాయిగా కుర్చీలో కూర్చుంది.

సోమవారం బల్ల కింది తుక్కు ఎత్తుతుంటే ఆ యూనిఫాం గుడ్డ ముక్కలు చేతికొచ్చాయి. ఊరికే తిరగేసింది.

పై ముక్క అంచు పొడుగునా తన నీలం సుద్దగీత.

ఆ పై చెయ్యి ఆయన జేబులోకి ఎందుకు వెళ్ళిందో అప్పుడర్థమైంది. ఆ ముక్క పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

ఎదురుగా గోడమేకుకి అట్ట కిరీటం వేలాడుతోంది.

రాజు శనివారమే గేటు దాటి వెళ్ళిపోయాడు.