దొరగారికి మనవి

"ఇవి విన్నాక కూడా మీ రక్తం మరగకపోతే మీరు మనుషులే కాదు!" అన్నాడు అప్పాజీ మైకు పట్టుకుని.

దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లోని ఆయన గోదాములో ఆగస్టు పదిహేను సభ అది. ముందు కుర్చీల్లో ఊళ్ళోని తెలుగు పెద్దలు, వాళ్ళ కుటుంబాలు. వెనక, కంపెనీ బస్సుల్లో తీసుకొచ్చిన కూలీలు, నీలం చొక్కాలతో నిలబడి ఉన్నారు.

గోడల పొడవునా అద్దాల పెట్టెలు. వాటిలో తెల్లవాళ్ళ కాలం నాటి ఉత్తరాలు. ఉప్పు వండి జైలుకెళ్ళినవాళ్ళు ఇంటికి రాసినవి కొన్ని. బర్మా వెళ్ళి, అప్పట్లో రంగం అని పిలిచిన రంగూన్‌లో ధాన్యం మిల్లుల్లో కూలి చేసినవాళ్ళు దొరలకు పెట్టుకున్న అర్జీలు కొన్ని.

అప్పాజీది అమలాపురం. ఇక్కడ కట్టడాలకు మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ నడుపుతున్నాడు. లండన్‌లో ఎక్కడ వేలం జరిగినా పట్టుబట్టి ఈ ఉత్తరాలు కొంటాడు. తెల్లదొర పేరెత్తితే చాలు, భగ్గుమంటాడు.

చదవడానికి తన కంపెనీలో వడ్రంగి మంగరాజుని ఎంచుకున్నాడు. మంగరాజుది రాజోలు పక్క పల్లె. వాళ్ళ ముత్తాత రంగం వెళ్ళి మరి తిరిగి రాలేదు.

"చదువుకున్నవాళ్ళు చదివితే వార్తల్లా ఉంటుందయ్యా. మన యాసలో నువ్వు చదువు. ఆ కూలోడే వచ్చి నిలబడ్డట్టుండాలి," అన్నాడు అప్పాజీ.

"అలాగే ముదీర్," అన్నాడు మంగరాజు. యజమానిని కూలీల క్యాంపులో అందరూ ముదీర్ అనే పిలుస్తారు.

మంగరాజు చదివాడు. బస్తా జారవిడిచినందుకు కొరడా దెబ్బలు తిన్నవాడి అర్జీ. జ్వరంతో పనికి రాలేదని తిండి ఆపేసిన దొర మీద మరొకడి ఫిర్యాదు. ఒక్కో ఉత్తరం పూర్తవగానే అప్పాజీ లేచి నిలబడి దొరల్ని తిట్టాడు. ముందు వరసలు చప్పట్లు కొట్టాయి.

సభ నడిపిస్తున్న ప్రేమ, ఆఖరి ఉత్తరం అయిపోయిందనుకుని మైకు కోసం చెయ్యి చాపింది. మంగరాజు ఇవ్వలేదు.

"ఇంకా ఉందండి ముదీర్. మీ పెట్టెల్లోది కాదు, మా ఇంటిది. కాగితం తేలేదు గానీ నోటికొచ్చు."

అప్పాజీ మొహం వెలిగిపోయింది. "మీ ఇంట్లో ఉందా! ఇన్నాళ్ళూ చెప్పవేంటయ్యా? కానీ, కానీ!"

మంగరాజు చేతులు కట్టుకున్నాడు.

"'అయ్యా దొరగారూ. మా పాపకి జొరం దిగటం లేదండి. ఆశ ఒదులుకోమని డాక్టర్లు చెప్పేశారంట. నాన్నేడీ, నాన్నేడీ అని ఒకటే అడుగుతుందంట. నన్నొక్కసారి ఓడెక్కించండి. నా కాగితాలు మీ ఇనప్పెట్టెలో ఉన్నాయి, అవి ఇప్పించండి. ఎల్లి, మొహం చూసి, తిరిగొచ్చేస్తాను. ఆ తరవాత సెలవన్న మాటెత్తను.'"

కళ్ళు తుడుచుకున్నాడు. ఆగిపోయాడు.

వెనక వరసలోంచి, నిర్మల్ వైపునుంచి వచ్చిన పర్శరాములు అరిచాడు.

"ఆపకు మంగరాజూ! మొత్తం సదువు. ఇననీ అందర్ని."

మంగరాజు తలెత్తాడు. ఈసారి గొంతులో ఏడుపు లేదు.

"'దొరగారూ. ఇది రెండో ఉత్తరమండి. మొదటిదిచ్చాక మీ పాప పుట్టినరోజని నన్ను మీ బంగళాకి పిలిపించారు. పందిరి నేనే ఏశాను. దీపాలు నేనే కట్టాను. అప్పుడైనా మీ కాళ్ళు పట్టుకుందామని చూశాను. మీ గుమాస్తా దగ్గరికి రానివ్వలేదు. నిచ్చెన మీదుండగానే కబురొచ్చింది. ఇంక నన్ను పంపక్కర్లేదండి. మా పాపని మట్టి చేసేశారు. మీ మీద కోపం లేదని రాయమన్నారు తోటోళ్ళు. నేను రాయను. ఉంది.'"

ప్రేమ చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ముందు వరసలో ఒకావిడ తన పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

అప్పాజీ ఊగిపోతూ వేదిక ఎక్కేశాడు.

"మనిషేనా ఆ దొర? వాడి పిల్లే పిల్లా? కూలోడి పిల్ల పిల్ల కాదా? అక్కడ పాప పోతుంటే ఇక్కడ ఆ తండ్రి చేత దీపాలు కట్టిస్తాడా! వాడి గోరీ ఎక్కడుందో చెప్పవయ్యా, ఎన్ని వేలైనా పోసి వెళ్ళి దాని మీద ఉమ్మేసొస్తాను!"

చప్పట్లు మోగిపోయాయి. వెనక నీలం చొక్కాల్లో ఒక్క చెయ్యి కూడా కదల్లేదు.

"జవాబన్నా రాశాడా వాడు?"

"లేదండి."

"అసలు చదివాడా?"

"ఒక్క కవరూ చింపలేదండి."

అప్పాజీ పిడికిలితో బల్ల మీద గుద్దాడు. గ్లాసులో నీళ్ళు ఒలికాయి.

"విన్నారా! కవరు కూడా చింపలేదట! వీళ్ళని మనం దొరలన్నాం, దండాలు పెట్టాం!" జనం వైపు తిరిగాడు. "అందరూ లేవండి. ఆ తండ్రి కోసం ఒక్క నిమిషం నిలబడదాం."

కుర్చీలు చప్పుడు చేశాయి. అందరూ లేచారు.

అప్పాజీ మంగరాజు భుజం మీద చెయ్యి వేసి, మైకు అతని నోటి దగ్గర పెట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఆ మహానుభావుడి పేరు చెప్పు మంగరాజూ. మీ ముత్తాతేనా?"

"ముత్తాత కాదండి, నేనే," అన్నాడు మంగరాజు, "మొన్న రంజాన్ నెల్లో మీ ఆఫీసులో ఇచ్చిన ఉత్తరాలే, ముదీర్ అన్నచోట దొరగారూ అని, విమానం అన్నచోట ఓడ అని చదివానంతే."