తుపాకీకి నూనె

“ఇప్పుడా తుపాకీ ఎందుకు దించారు?” వంటింటి గుమ్మంలోంచి అడిగింది భార్య.

వడ్రంగి మేకుకు వేలాడే ఎయిర్ గన్నును పనిబల్ల మీద పడుకోబెట్టి, సన్నటి కడ్డీకి గుడ్డపీలిక చుట్టి గొట్టంలో ఆడించసాగాడు. పీలిక నల్లగా బయటికొచ్చింది. ఇంకోటి చుట్టాడు.

పెరట్లో గంప బోర్లా పడి ఉంది. పొదుగు మీదున్న కోడిని నిన్న పక్కింటి దర్జీ కుక్క నోట కరచుకుపోయింది. గుడ్లు చల్లబడిపోయాయి.

“కోడి పోతే ఇంకోటి తెచ్చుకుందాం. నోరులేనిదాని మీద పగేంటండీ?”

“నువ్వెళ్లి నీ పని చూసుకో.”

“నూనె కూడా రాస్తున్నారా? ముస్తాబు చేసి మరీ చంపుతారన్నమాట.”

అతను ఇనుము మీద నూనె చుక్క వేసి బొటనవేలితో పలచగా రాశాడు. దవడ బిగుసుకుని ఉంది. ఆ దవడ అలా బిగిసిందంటే ఇక ఎవరి మాటా చెవికెక్కదని ఆమెకు తెలుసు. గబగబా దర్జీ ఇంటి వైపు గోడ దగ్గరికి వెళ్లింది.

“వదినా, మీ కుక్కని లోపల కట్టెయ్యండి. ఈయన ఈ పూట మనిషిలా లేరు.”

అంతలో వెనక ‘టప్’మంది.

దర్జీ పరుగున వచ్చాడు. మెడలో కొలతల టేపు, చంకలో గింజుకుంటున్న కుక్క.

“దేని మీద పేల్చావు బావా?”

“ఇసుక బస్తా మీద.”

“గురి సరిచూసుకున్నావా? ఇదిగో, తెచ్చాను. ముందు నన్ను కాల్చి తర్వాత దీన్ని కాల్చు.”

వడ్రంగి బల్ల కిందనుంచి పొడుగాటి చెక్కపెట్టె లాగాడు. చిత్రిక పట్టిన వాసన ఇంకా పోలేదు.

“కుక్కకి పెట్టె కూడా చేశావా?” దర్జీ కుక్కను ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

వడ్రంగి తుపాకీని అందులో పడుకోబెట్టాడు. “గుడ్డసంచిలో పెడితే చెమ్మ పట్టి తుప్పెక్కుతుంది. స్ప్రింగు బిగించి ఉంచితే చచ్చుబడిపోతుంది. అందుకే పేల్చి వదులు చేశాను. ఏళ్ల తరబడి ఉండాలిగా ఇందులో.”

గుండ్ల డబ్బా భార్య చేతికిచ్చాడు. “ఇది నీ బీరువాలో పెట్టు. ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు.”

పెట్టెకు తాళం వేసి, తాళంచెవి దర్జీ చొక్కా జేబులో పడేశాడు. “ఇది నీ దగ్గరుండాలి. నేను కాళ్లు పట్టుకుని అడిగినా ఇవ్వకు.”

దర్జీ కుక్కను కిందికి దించాడు.

“దీని మీద నీకింత దయ ఉందనుకోలేదు బావా.”

“దయ కాదు.” వడ్రంగి నూనె చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “పొద్దున ఇది మీ అరుగు మీద పడుకుంటే దీనికి గురిపెట్టాను. పక్కనే నువ్వు కూర్చుని గుండీలు కుడుతున్నావు. కాసేపటికి చూసుకుంటే, గురి నీ మీదుంది.”