మూడు చెంచాలు

“మూడు చెంచాలే వదినా, నాలుగోది వద్దు!” అంటూ సంధ్యారాణి మొగుడి కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

కళావతి చేతిలోని గరిటె అట్లాగే ఆగిపోయింది. గరిటె నిండా దసరా మటన్, పైన వేలెడు నూనె. ఆమె మరదలి ముఖం చూసింది, తర్వాత తమ్ముడు విఠల్ ముఖం చూసింది.

“నా ఇంట్ల నా తమ్మునికి పెట్టుకోనీకి నీ పర్మిషన్ కావాల్నా?”

“అట్ల కాదు వదినా. ఆయనకు అరుగుతలేదు.”

సంధ్య సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. సిరిసిల్ల నుంచి రుద్రంగి దాకా బండి మీద ఒళ్లో పెట్టుకుని తెచ్చిన డబ్బా. అందులో మెత్తగా నలిపిన పప్పన్నం. విఠల్ ఒక చెంచా నోట్లో పెట్టుకుని ముప్పైసార్లు నమిలి మింగాడు. కళావతి ఆ నమలడాన్ని రెప్ప వేయకుండా చూసింది.

“పది రోజుల కింద పెత్రమాస నాడు మీ ఇంటికచ్చినప్పుడు గూడ జూసిన. గిదే డబ్బా, గివే మూడు చెంచాలు. కిలో కూర ఒక్కడే తినెటోడు నెల రోజులల్ల సగమైండు. నువ్వు పెడ్తెనే తింటుండు, నువ్వు సాలంటే సాలంటుండు. ఏంది గీ కథ?”

కళావతి గరిటెను గిన్నెలో విసిరి వంటింట్లోకి వెళ్లిపోయింది.

“ఇప్పుడన్న చెప్పు,” సంధ్య గుసగుసగా అంది. “ఇరవై నాలుగు రోజుల కింద హైదరాబాద్ల కడుపు ఆపరేషన్ అయిందంటే ఏమైతది?”

“బరువు తగ్గనీకి కడుపు కోపిచ్చుకున్నడట అని బావ ఊరంత చెప్పి నవ్వుతడు. పండుగ పూట వద్దు. నా మీద ఒట్టేసినవ్ గద.”

“డాక్టర్ ఏమన్నడో యాదికున్నదా? లోపల కుట్లింక పచ్చిగనే ఉన్నయట. గట్టిగ వాంతులైతే తెగుతయట. పానం మీదికస్తదన్నడు.”

“యాదికున్నది. అందుకే గద గీ మూడు చెంచాలు.”

విఠల్ బుద్ధిగానే ఉన్నాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పదహారు మరమగ్గాల ఆసామి, బోటికూర పేరు చెబితే మగ్గాలు ఆపి లేచే మనిషి. అలాంటివాడు వంటింట్లోంచి ఘుమఘుమలు వస్తున్నా తల తిప్పకుండా మూడో చెంచా ముగించి డబ్బా మూత పెట్టేశాడు. నలభై ఏళ్లలో ఏ పండుగనాడూ అతను కంచం ముందు ఇంత పద్ధతిగా కూర్చోలేదు.

అంతలో బావ రాజయ్య వచ్చాడు.

“పండుగ పూట ఎటు వోయినవ్ బావా?”

“మేడిపల్లిల చిన్న పనుండె.”

రాజయ్య మామూలుగా అయితే బామ్మర్ది బొజ్జ మీద ఒక జోకు వేయనిదే కూర్చోడు. ఇవాళ విఠల్ కళ్లలోకి కూడా చూడలేదు. నడుముకు దోపుకున్న కాగితం పొట్లం తీసి, వంటింట్లోకి వెళ్లి భార్యకు ఇచ్చి వచ్చాడు.

కళావతి బయటికి వచ్చేసరికి ముఖంలో కోపం లేదు. అదెందుకో సంధ్యకు అర్థం కాలేదు.

“సరే, నేనేం బలవంతం పెట్ట. సంధ్యా, గీ కూర గిన్నె భాగ్యశ్రీ వాళ్లింట్ల ఇచ్చి రాపో. నాలుగిండ్ల అవతలనే.”

సంధ్య గిన్నె అందుకుంది కానీ కాళ్లు కదల్లేదు. “నేనచ్చేదాక ఏం తినకు,” అని మొగుడికి మళ్లీ చెప్పింది.

“ఏం తిననియ్య. పో,” అంది కళావతి.

ఆమె గడప దాటగానే రాజయ్య తలుపు మూసి గడియ పెట్టాడు. “కుక్కలస్తున్నయ్,” అన్నాడు అడగకుండానే. విఠల్ మంచం మీద చేరగిలబడ్డాడు. మంచం పక్కన బూడిద పోసిన ఇనుప తట్ట కనిపించింది. పండుగనాడు ఇంట్లో బూడిద ఎందుకో అనుకున్నాడు, అంతే.

“తిండి వద్దంటివి. మజ్జిగన్న తాగుతవా తమ్మీ?”

డాక్టర్ ఇచ్చిన కాగితంలో మజ్జిగ ఉంది. విఠల్‌కు ప్రాణం లేచి వచ్చింది. డాక్టర్ మాట దాటకుండానే అక్క ముచ్చట తీర్చొచ్చు. గ్లాసు తీసుకుని, చెప్పిన ప్రకారమే కొంచెం కొంచెంగా గుటకలు వేశాడు.

“చేదున్నదేందక్కా?”

“కరివేపాకు ఎక్కువైనట్టుంది. ఏం గాదు, మొత్తం తాగు.”

గ్లాసు ఖాళీ అయ్యేదాకా కళావతి పక్కనే నిలబడింది. కొంగుతో అతని మూతి తుడిచింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

బయట తలుపు చప్పుడైంది.

“వదినా! తలుపెందుకు పెట్టిండ్రు? తియ్యండ్రి!”

రాజయ్య తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. విఠల్ లేవబోయాడు. ఒళ్లంతా చెమట పట్టింది, నోట్లో నీళ్లూరాయి.

“అక్కా, ఏం తాపినవ్? కడుపుల తిప్పుతున్నది.”

కళావతి ముఖం వెలిగిపోయింది. తట్టను కాలితో దగ్గరికి లాగి, తమ్ముడి తల రెండు చేతులా పట్టుకుని కిందికి వంచింది.

“నాకు ఆపరే...” అన్నాడు విఠల్. మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది. అవతల సంధ్య రెండు చేతులతో తలుపు బాదుతోంది.

“కక్కు తమ్మీ, కక్కు! నీ పెండ్లాం తిండిల పెట్టిన వశం మందు మూడు వాంతులకు మొత్తం బయటవడ్తదని మేడిపల్లిల మందు కక్కిపిచ్చే ఆయన చెప్పిండు.”